బండి మీద ఫోన్: కాలేజీ పిల్లోళ్లకు ఏం చెప్తే ఎక్కతాది?

చాక్‌పీస్ (తిరుపతి) · ఉదయం 7:42

అందరికీ నమస్కారం. డిగ్రీ మొదటి, రెండో సంవత్సరం పిల్లలకు 40 నిమిషాల క్లాసు ఒకటి తయారు చేయాలి. దాదాపు 60 మంది ఉంటారు. ఎక్కువగా స్కూటీలు, బైకులు. కారు నడిపేవాళ్లు వేళ్ల మీద లెక్క. విషయం ఒక్కటే: బండి నడుపుతూ ఫోన్.

రక్తం ఫొటోలు, ఏడుపు వీడియోలు వద్దనుకుంటున్నా. అవి చూసేటప్పుడు గమ్మున కూర్చుంటారు, గేటు దాటగానే మర్చిపోతారు. మూడు విషయాలు కావాలి. ఈ వయసువాళ్లు దీన్ని అసలు ఎట్లా చూస్తారు? లెక్కలు, చట్టం, ఫోన్ సెట్టింగుల్లో ఏవి చెప్పాలి, ఏవి వదిలేయాలి? గ్రౌండులో చేసి చూపించేది ఏమన్నా ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి) · ఉదయం 8:15

ప్రమాదం అని తెలియని పిల్లలు ఆ 60 మందిలో ఒక్కరు కూడా ఉండరు. అది చెప్పడానికి పది నిమిషాలు ఖర్చు పెట్టొద్దు.

అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీవాళ్లు కుర్ర డ్రైవర్ల మెసేజింగ్ మీద 2011లో ఒక అధ్యయనం వేశారు. నడుపుతూ తామే మెసేజ్ మొదలుపెట్టేవాళ్లకన్నా, వచ్చినదానికి జవాబిచ్చేవాళ్లు ఎక్కువ. జవాబిచ్చేవాళ్లకన్నా చదివి ఊరుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. ప్రమాదం ఎంత అనుకుంటున్నారన్నదానికీ, చేసేదానికీ పెద్దగా పొంతన లేదు. దానికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. చేతిలో ఫోన్ పట్టాక, 'ఈ రోడ్డు ఖాళీగానే ఉంది, ఇక్కడ ఫర్వాలేదు' అని రోడ్డునే మంచిదాన్ని చేసుకుంటారు. ముందు పని, తర్వాత దానికి సాకు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. తప్పు చేస్తే వెంటనే దెబ్బ తగిలే పనిని మనిషి త్వరగా మానేస్తాడు. ఇది అట్లాంటిది కాదు. లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డు దాకా మెసేజ్ చూసుకుంటూ వెళ్లినా 100 సార్లలో 99 సార్లు ఏమీ జరగదు. ఆ 99 సార్లూ 'నాకు వచ్చు' అనే పాఠమే నేర్పిస్తాయి. 18 ఏళ్లవాడికి ఆ పాఠం మీరు చెప్పే పాఠంకన్నా గట్టిది. అందుకే 'నువ్వు పడతావ్' అంటే నమ్మడు.

క్లాసు మొదట్లో చీటీలు పంచండి, పేరు రాయించొద్దు. చేతులెత్తమంటే మాత్రం పక్కనున్న స్నేహితుణ్ణి చూసి ఎత్తుతారు, లేదా దించుతారు. ప్రశ్నలు ఇట్లా ఉండాలి:

గత 7 రోజుల్లో బండి మీద ఉండగా ఫోన్ మోగిందా? మోగితే ఏం చేశావు: ఎత్తావా, చూసి వదిలేశావా, ఆపి ఎత్తావా?
ఆ ఫోన్ ఎవరిది?
నువ్వు వెనక కూర్చున్నప్పుడు నడిపేవాడు ఫోన్ తీస్తే ఏమన్నావు?

'మీరు ఫోన్ వాడతారా' అని మాత్రం అడగొద్దు. 'అప్పుడప్పుడు' అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. రెండో ప్రశ్న జవాబులు బోర్డు మీద రాయండి. అమ్మ, నాన్న, ప్రేమించినవాళ్లు, పని ఇచ్చే ఓనరు, ఇవే ఎక్కువ వస్తాయి. క్లాసు అక్కణ్ణుంచి మొదలవ్వాలి.

లీలామహల్_సర్కిల్ (తిరుపతి) · ఉదయం 8:40

అక్కా, ఒక మాట. చేత్తో పట్టుకోవడం తప్పే, ఒప్పుకుంటా. ఒక చెవిలో బడ్ పెట్టుకుని మాట్లాడితే ఏం? రెండు చేతులూ హ్యాండిల్ మీదే, కళ్లు రోడ్డు మీదే. వెనక కూర్చున్న ఫ్రెండుతో మాట్లాడట్లేదా? ఆ 60 మందిలో 40 మంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు పెట్టుకోకుండా వెళ్తే సార్‌ను ఆడుకుంటారు.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి) · ఉదయం 9:05

మంచి ప్రశ్న తమ్ముడూ. సార్, దీన్ని మీరే ముందు ఎత్తండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

వెనకున్నవాడు రోడ్డు చూస్తుంటాడు. కపిలతీర్థం దగ్గర అడ్డంగా బస్సు తిరిగితే వాడే మాట ఆపేస్తాడు, లేదా 'రేయ్ చూడు' అంటాడు. ఫోన్‌లో ఉన్నవాడు మదనపల్లెలో మంచం మీద పడుకుని ఉంటాడు. నువ్వు మలుపులో ఉన్నా, బ్రేకు మీద ఉన్నా వాడు ప్రశ్న అడుగుతూనే ఉంటాడు, నువ్వు జవాబు వెతుక్కుంటూనే ఉంటావు. అమెరికాలో యూటా యూనివర్సిటీలో స్ట్రేయర్ అనే పరిశోధకుడి బృందం సిమ్యులేటర్ (గదిలోనే బండి నడిపించే యంత్రం) మీద చేసిన పరీక్షల్లో చేత్తో పట్టుకున్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా దెబ్బ దాదాపు ఒకటే. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, ఎదురుగా ఉన్నది మాత్రం బుర్రకు ఎక్కదు. కెనడాలో 1997లో వచ్చిన అధ్యయనం ప్రమాదానికి గురైనవాళ్ల ఫోన్ బిల్లులు తీసి చూసింది. మాట్లాడుతున్నప్పుడు ప్రమాద అవకాశం సుమారు 4 రెట్లు. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకు మినహాయింపేమీ కనబడలేదు.

అయితే హ్యాండ్స్‌ఫ్రీ, మెసేజ్ రెండూ సమానం అని మాత్రం చెప్పొద్దు. అతిశయోక్తి పట్టుకుంటే పిల్లలు మిగతాది కూడా వినరు. మెసేజ్ చాలా ఎక్కువ చెడ్డది. అమెరికాలో లారీ డ్రైవర్ల మీద కెమెరాలు పెట్టి 2009లో వెలువరించిన వర్జీనియా టెక్ లెక్కలో, మెసేజ్ చేసేవాడి కళ్లు 6 సెకన్లలో 4.6 సెకన్లు రోడ్డు మీద లేవు.

పాకాల_జంక్షన్ · ఉదయం 9:31

చేతి సంగతి ఎవురూ చెప్పలా. మనోళ్లు ఫోన్ యాడ పట్టుకుంటారు? కుడిచేతిలో యాక్సిలేటరు ఉండాది కాబట్టి ఎడంచేత్తోనే. ఇప్పుడు ఎడం హ్యాండిల్ కాడ ఏమేం ఉండాయో లెక్కపెట్టమని అడగండి. హారన్ ఆడనే. ఇండికేటరు ఆడనే. డిప్పర్ ఆడనే. బైకు అయితే క్లచ్. స్కూటీ అయితే బ్రేకు లివరు. ఎడంచెయ్యి ఎత్తినావంటే ఇవన్నీ పోయినట్టే.

స్కూటీల్లో ఇంకో కత ఉండాది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బండ్లకు కాంబీ బ్రేకు తప్పనిసరి. చానా స్కూటీల్లో ఎడమ లివరు నొక్కితే వెనకా ముందరా రెండూ పడతాయి. కుడి లివరు ముందర చక్రానికి మాత్రమే. ఎడంచేతిలో ఫోన్ ఉంటే మిగిలేది ముందర బ్రేకు ఒకటే. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకోని, అదే చేత్తో యాక్సిలేటరు ఒదిలి, అదే చేత్తో ముందర బ్రేకు గట్టిగా నొక్కితే హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోతాది. రోడ్డు మింద ఇసుక ఉందనుకో, ముందర చక్రం జారి మనిషి నేరుగా కిందనే. స్టాండు ఏసిన స్కూటీ ఒకటి క్లాసులోకే తెప్పించి, ఒకర్ని కూర్చోబెట్టి, ఎడంచేతికి ఫోన్ ఇచ్చి 'హారన్ కొట్టు, ఎడమకు ఇండికేటరు ఎయ్యి, బ్రేకు పట్టు' అని గబగబా చెప్పండి. ఫోన్ కింద పడేస్తారు, లేదా ఏదో ఒకటి మర్చిపోతారు. మాటలతో చెప్పే పని ఉండదు.

హెల్మెట్‌లో ఫోన్ దోపుకునేవాళ్ల సంగతి. ఫోన్ పట్టాలంటే లోపలి మెత్త ఒక పక్కకు నలగాల. హెల్మెట్ వంకర అయితాది, గడ్డం కింద పట్టీ సరింగా పడదు, కొందరు పెట్టుకోనే పెట్టుకోరు. పడినప్పుడు దవడకు మెత్త ఉండాల్సిన చోట గాజు పలక ఉండాది. భుజానికీ చెవికీ మధ్య నొక్కుకునేవాడికి ఆ పక్క అద్దం కనపడదు, తల తిప్పలేడు.

కొండదారి (అలిపిరి) · ఉదయం 10:10

పాకాల అన్న చెప్పినది అక్షరాలా నిజం. లెక్కల సంగతి నేను చెప్తా. 'గంటకు 60 కిలోమీటర్లు' అంటే పిల్లలకు బుర్రలో ఏ బొమ్మా రాదు. క్రికెట్ పిచ్‌లో చెప్పండి. పిచ్ సుమారు 20 మీటర్లు.

40 మీద ఉంటే సెకనుకు 11 మీటర్లు. అంటే 2 సెకన్లకు ఒక పిచ్ దాటేస్తావు.
60 మీద సెకనుకు దాదాపు 17 మీటర్లు.
80 మీద 22 మీటర్లు. సెకనుకో పిచ్ లెక్క.

ఎవరు ఫోన్ చేశారో చూసి, పేరు చదివి, మళ్లీ రోడ్డు మీదికి కళ్లు తెచ్చేసరికి 2, 3 సెకన్లు. 60 మీద 3 సెకన్లంటే 50 మీటర్లు, రెండున్నర పిచ్‌లు. అది కళ్లు మూసుకుని వెళ్లిన దూరం మాత్రమే. అప్పుడు కుక్క కనబడితే గుర్తుపట్టి బ్రేకు మీద చెయ్యి పడేదాకా ఒకటిన్నర సెకను, అంటే ఇంకో 25 మీటర్లు. పొడి తారు రోడ్డు, మంచి టైర్లు అనుకున్నా బండి ఆగడానికి మరో 23, 24 మీటర్లు. మొత్తం దాదాపు 100 మీటర్లు. ఫోన్ చూడకపోతే 50లో ఆగేది.

మన రోడ్ల మీద ఆ 50 మీటర్లలో ఏముంటుందో కూడా చెప్పండి. పురటాసి నెలలో తమిళనాడు నుంచి నడిచి వచ్చే భక్తులు పుత్తూరు వైపు, చిత్తూరు వైపు రాత్రిపూట కూడా రోడ్డు అంచునే నడుస్తుంటారు. మామిడి కాలంలో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందర తోతాపురి ట్రాక్టర్లు వరసకట్టి ఉంటాయి, వెనక లైటు లేనివి కూడా. ఇవి రెండూ రోడ్డు మీద నెమ్మదిగా కదిలేవి, లేదా కదలకుండా ఉండేవి. వాటిని ఆఖరి సెకనులో చూస్తే తప్పించే దారి ఉండదు.

తిరుమల ఘాట్ గురించి కూడా అడుగుతారు. ఎక్కేది రెండో ఘాట్, దిగేది మొదటి ఘాట్. ఎదురు బండి రాదు కదా అని దిగేటప్పుడు ఫోన్ తీస్తారు, రీల్ తీస్తారు. దిగేటప్పుడే అసలు చిక్కు. బండి గేరులో ఉండాలి, ఇంజను పట్టి దిగాలి, చేతులు రెండూ మలుపు మలుపుకీ పని చేస్తూనే ఉండాలి. ఒంటిచేత్తో అదేపనిగా బ్రేకు నొక్కుతూ దిగితే బ్రేకు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఫొటో కావాలంటే వెడల్పు ఉన్నచోట ఆపాలి. మలుపులో, మలుపు దాటిన వెంటనే ఆపడం ఫోన్ మాట్లాడుతూ నడపడంకన్నా పెద్ద తప్పు.

లీలామహల్_సర్కిల్ · ఉదయం 10:22

పిచ్ లెక్క బాగుంది. మరి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో? బండి కదలట్లేదు కదా, మెసేజ్ చూస్తే ఎవరికి నష్టం?

స్వర్ణముఖి · ఉదయం 10:48

నష్టం పచ్చ లైటు పడ్డాక మొదలవుతుంది. అమెరికాలో ఏఏఏ (అక్కడి వాహనదారుల సంఘం) ఫౌండేషన్ కోసం 2015లో ఇదే స్ట్రేయర్ బృందం కొలిచింది. గొంతుతో కారుకో ఫోన్‌కో ఆజ్ఞలిచ్చి పని ముగించాక కూడా దృష్టి పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి కొన్ని వ్యవస్థల్లో 27 సెకన్ల దాకా పట్టింది. సిగ్నల్ దగ్గర కోపం తెప్పించే మెసేజ్ చదివి కదిలేవాడి బుర్ర ఇంకా ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. వెనకవాడు హారన్ కొడతాడు, ఇతను అటూ ఇటూ చూడకుండా లాగిస్తాడు. ఎర్ర లైటు దాటేవాడు ఎదురయ్యేది సరిగ్గా ఆ మొదటి మూడు సెకన్లలోనే.

సెక్షన్_184 (చిత్తూరు) · మధ్యాహ్నం 12:05

చట్టం గురించి స్లైడు ఒకటి చాలు, కానీ తప్పులు లేకుండా వేయండి. వాట్సాప్‌లో తిరిగే అంకెలు నమ్మొద్దు.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 184, ప్రమాదకరంగా నడపడం. 2019 సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని వివరణలో చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడడాన్ని పేరు పెట్టి చేర్చారు. మొదటిసారి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 3 ఏళ్ల లోపు మళ్లీ దొరికితే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద రాసే చలాన్ మొత్తాన్ని రాష్ట్రం నిర్ణయిస్తుంది, అది మారుతుంటుంది. కాబట్టి క్లాసు ముందురోజు చూసుకుని వేయండి.

పిల్లలకు జరిమానాకన్నా నొప్పి పుట్టించేది లైసెన్సు. సెక్షన్ 206 కింద పోలీసు లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపొచ్చు. సెక్షన్ 19 కింద వాళ్లు దాన్ని ఆపొచ్చు. 1989 నాటి కేంద్ర నియమాల్లో రూల్ 21, లైసెన్సు ఆపడానికి కారణాల జాబితా, అందులో 'నడుపుతూ మొబైల్ వాడడం' ఉంది. అక్కడ చేత్తో పట్టుకున్నదనే మాట లేదు. లీలామహల్ తమ్ముడు గమనించాలి.

2020 అక్టోబరు 1 నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చని నియమాల్లో చేర్చారు. దృష్టి చెదరనంతవరకే. మ్యాప్ పేరు చెప్పి చాటింగ్ చేస్తే అది చెల్లదు.

18 నిండనివాళ్లు ఆ క్లాసులో ఉంటే సెక్షన్ 199ఎ చదవండి. బండి ఇచ్చిన తల్లిదండ్రికి లేదా ఓనరుకు 25,000 జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. నడిపినవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. జైలు కన్నా ఈ ఆఖరి మాటకే ఉలిక్కిపడతారు.

ఎవరన్నా చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106, నిర్లక్ష్యంతో మరణం, 5 ఏళ్ల దాకా. దర్యాప్తులో ఫోన్ కంపెనీ నుంచి కాల్ రికార్డులు తెప్పించగలరు. ప్రమాదం జరిగిన నిమిషం, కాల్ నడిచిన నిమిషం పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఒక మాట. దేశం మొత్తం మీద 2021లో ఫోన్ కారణంగా 1,040 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్తుంది. ఆ ఏడాది మొత్తం మృతులు 1,53,972. 'ఒక శాతం కూడా లేదు కదా సార్' అని ఎవడో ఒకడు అంటాడు. ప్రమాదం జరిగాక ఫోన్ ఎక్కడో పడి ఉంటుంది, నేను చూసుకుంటూ వచ్చానని ఎవరూ చెప్పరు, కాగితం మీద 'అతివేగం' అని పడుతుంది. ఆ అంకె వేస్తే ఈ మాట కూడా వేయండి, లేకపోతే రెండూ వదిలేయండి.

సెట్టింగ్స్_సామి (తిరుపతి) · మధ్యాహ్నం 1:20

నా వంతు. క్లాసులో ఇదొక్కటే చేతులతో చేయించే పని. అందరి చేత ఫోన్లు తీయించి అక్కడికక్కడే పెట్టించండి. ఇంటికెళ్లి పెట్టుకోండి అంటే ఒక్కడూ పెట్టడు.

ఐఫోన్: సెట్టింగ్స్, ఫోకస్, డ్రైవింగ్. కారు ఉన్నవాళ్లు బ్లూటూత్‌కు కనెక్ట్ అయినప్పుడు ఆన్ అయ్యేలా పెట్టుకోవాలి. ఆటోమేటిక్ కూడా ఉంది, కానీ బస్సులో కూర్చున్నా ఆన్ అవుతుంది. రెండు రోజులు చూసి విసుగొచ్చి తీసేస్తారు. బైకువాళ్లు కంట్రోల్ సెంటర్‌లో పెట్టుకుని బండి ఎక్కేముందు నొక్కడమే మేలు. ఆటో రిప్లై ఫేవరెట్స్‌కు మాత్రం పెట్టుకోమనండి.

ఆండ్రాయిడ్: కంపెనీ కంపెనీకి మెనూ వేరు. సెట్టింగ్స్ పైన వెతికే గడిలో 'డ్రైవింగ్' అని కొట్టమనండి. దొరక్కపోతే డోంట్ డిస్టర్బ్ (డీఎన్‌డీ) చాలు. అందులో కాల్స్‌లో స్టార్ చేసిన కాంటాక్టులను మాత్రం అనుమతించి, 'రిపీట్ కాలర్స్' ఆన్ చేయాలి. ఇది అసలు కీలకం. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల లోపు రెండోసారి వస్తే మోగుతుంది. ఐఫోన్‌లో అయితే 3 నిమిషాల లోపు. 'ఇంట్లో ఏదన్నా అయితే ఎట్లా?' అనే ప్రశ్నకు జవాబు ఇదే. అత్యవసరం అయితే మళ్లీ చేస్తారు, మోగుతుంది, పక్కకు ఆపి ఎత్తుతావు.

జనం చేసే తప్పు ఒకటుంది. మోగకుండా సైలెంట్ పెట్టి జేబులో వైబ్రేషన్ వదిలేస్తారు. తొడ మీద గుర్రుమంటుంటే ఎవరై ఉంటారన్న ఆలోచన మోతకన్నా ఎక్కువ తినేస్తుంది. వైబ్రేషన్ కూడా తీయించండి. స్మార్ట్ వాచ్ ఉన్నవాళ్ల మణికట్టు మీద అదే మెసేజ్ మళ్లీ వెలుగుతుంది, దాన్నీ డీఎన్‌డీలో కలపాలి.

మ్యాప్: కదిలేముందే పెట్టుకుని, గొంతు తెలుగులోకి మార్చుకుంటే తెర చూడాల్సిన పని సగం తగ్గుతుంది. కారులో హోల్డర్‌ను ఏసీ వెంటు దగ్గర పెట్టండి. అద్దానికి అంటించే రబ్బరు కప్పు మన మే నెల ఎండకు వదిలేస్తుంది, ఫోన్ కాళ్ల దగ్గర పెడల్స్‌లో పడుతుంది. ఎండ నేరుగా పడితే ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది. ఎయిర్‌బ్యాగ్ మూత మీద హోల్డర్ అంటించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పాకాల_జంక్షన్ · మధ్యాహ్నం 1:44

బైకు హోల్డర్ గురించి ఒకటి. ఇంజను అదురు నేరుగా హ్యాండిల్‌కు వస్తాది. ఆ అదురుకు ఐఫోన్ కెమెరా పాడైపోవచ్చని ఆపిల్ కంపెనీనే 2021లో చెప్పింది. కెమెరా లోపల చెయ్యి వణుకును సరిచేసే చిన్న మర ఉండాది, అది దెబ్బతింటాది. పెట్టుకోవాలంటే రబ్బరు డాంపర్ ఉండేది పెట్టుకోవాల. ప్రాణం పోతాదంటే విననోడు కెమెరా పోతాదంటే వింటాడు. ఇది ఎగతాళి కాదు, వాడి చూడండి.

మురకంబట్టు (చిత్తూరు) · సాయంత్రం 4:15

క్లాసులో సాయంత్రం డెలివరీ పని చేసేవాళ్లు నలుగురైదుగురు తప్పకుండా ఉంటారు. వాళ్లకు 'ఫోన్ కట్టేయ్' అని చెప్తే నవ్వుతారు. వాళ్ల పనే ఫోన్. ఆర్డరు వచ్చిన చప్పుడైతే కొన్ని సెకన్లలో నొక్కాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది.

వాళ్లకు చెప్పాల్సింది వేరు. ఆర్డరు ఇచ్చాక తదుపరి ఆర్డరు కోసం తిరుగుతూ ఉండకూడదు, హోటళ్లు ఎక్కువున్న చోట బండి స్టాండు వేసి నిలబడాలి. పెట్రోలు కూడా మిగులుతుంది. రెండో ఆర్డరు బండి మీద ఉండగా మోగితే ఎడమ ఇండికేటరు, అద్దం, పక్కకు, కాలు కింద, అప్పుడు తెర. మ్యాప్‌లో కస్టమరు గుర్తును కదిలేముందే పెద్దది చేసి చూసుకుని ఆఖరి మూడు మలుపులు గుర్తుపెట్టుకోవాలి. వీధి మొదట్లో ఆపి ఫోన్ చేయాలి, వీధిలో నడుపుతూ ఇళ్ల నంబర్లు వెతకకూడదు.

మిగతా 55 మందికి వేరే మాట చెప్పండి. వాళ్లు కస్టమర్లు. 'అన్నా యాడున్నావ్' అని మూడుసార్లు ఫోన్ చేసేది వీళ్లే. తెరమీద చుక్క కదులుతోందంటే వాడు బండి మీదున్నట్టే. అడ్రసులో 'నీళ్ల ట్యాంకు ఎదురు, నీలం గేటు, మొదటి అంతస్తు' అని ఒకసారి రాసి పెడితే ఆ ఫోన్ అవసరమే రాదు.

చాక్‌పీస్ · సాయంత్రం 5:02

అందరికీ దండాలు, ఇంత వస్తుందనుకోలేదు. స్వర్ణముఖి గారు చెప్పినట్టు ఫోన్ చేసేవాళ్ల జాబితా బోర్డు మీద పెడితే పిల్లలకన్నా ఇంట్లోవాళ్ల తప్పే ఎక్కువ తేలేట్టుంది. అది వాళ్లకు సాకు అవ్వదా? రెండోది, గ్రౌండులో చేయించేది ఇంకా ఎవరూ చెప్పలేదు. బండి నడుపుతూ ఫోన్ వాడించే ప్రయోగం మాత్రం చెప్పొద్దు.

స్వర్ణముఖి · సాయంత్రం 5:40

సాకు అవ్వదు, పట్టుకునే కొస అవుతుంది. 'అమ్మ ఫోన్ ఎత్తకపోతే భయపడుతుంది' అన్నది వాళ్లకు నిజమైన కారణం. ప్రమాదం ఎప్పుడో, అమ్మ కోపం ఈ సాయంత్రమే. ఆ బరువు తీసేయకుండా ధైర్యం చెప్తే పనిచేయదు. కదిలేముందు ఇంటికి 'బయల్దేరుతున్నా, 25 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఎత్తను' అని ఒక్క మెసేజ్. చేరాక 'వచ్చేశా'. పది రోజులు వరసగా చేస్తే ఇంట్లోవాళ్లు మధ్యలో చేయడం మానేస్తారు. అమ్మానాన్నలకు ఒక కార్డు ఇచ్చి పంపండి: 'ఫోన్ ఎత్తితే మొదటి మాట: బండి మీదున్నావా? అవునంటే వెంటనే పెట్టేయండి.' అంతకన్నా ఎక్కువ రాయొద్దు.

చీటీలో మూడో ప్రశ్న కూడా వాడండి. తాము నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడాన్ని సమర్థించుకునేవాళ్లే, వెనక కూర్చున్నప్పుడు భయపడ్డామని రాస్తారు. రెండూ పక్కపక్కన చదవండి, వ్యాఖ్యానం వద్దు. తర్వాత వెనక కూర్చునేవాడికి ఒక పని ఇవ్వండి: ఎక్కగానే నడిపేవాడి ఫోన్ తన చేతికి తీసుకోవడం. మోగితే 'బండి మీదున్నాడు, ఏం చెప్పాలి' అని వీడే మాట్లాడతాడు. స్నేహితుణ్ణి 'వాడొద్దురా' అని ఆపడం ఈ వయసులో నామోషీ. 'ఇట్లా ఇవ్వు, నేను చూస్తా' అనడంలో నామోషీ లేదు.

కొండదారి · సాయంత్రం 6:20

గ్రౌండు పని రెండు చెప్తా.

ఒకటి, స్కేలు పరీక్ష. 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. ఒకరు పై కొన పట్టుకుని వేలాడదీయాలి. ఇంకొకరు కింద సున్నా దగ్గర బొటనవేలు, చూపుడువేలు తాకకుండా తెరిచి పెట్టాలి. చెప్పకుండా వదలాలి, పట్టుకోవాలి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.17 సెకను, 20 దగ్గర 0.20, పూర్తిగా జారిపోతే పావు సెకను దాటినట్టు. ఐదుసార్లు చేసి, అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టి మధ్యలో అంకె రాసుకోవాలి. తర్వాత అదే మనిషికి ఫోన్‌లో స్నేహితుడు 200 నుంచి ఏడేసి తీస్తూ లెక్క అడుగుతుండగా మళ్లీ ఐదుసార్లు. స్పీకరులో పెట్టండి, చేతులు రెండూ ఖాళీగానే ఉండాలి. అప్పుడు హ్యాండ్స్‌ఫ్రీ వాదన దానంతటదే తేలుతుంది. స్కేలు పట్టేవాడు వదిలే ముందు వేళ్లు కదిపితే ఎదుటివాడు పసిగట్టేస్తాడు, జాగ్రత్త. 'రోడ్డు మీద ఇంత త్వరగా బ్రేకు వేస్తాం' అని కూడా అనుకోనివ్వొద్దు. ఇక్కడ ఏం వస్తుందో ముందే తెలుసు, అక్కడ తెలియదు.

రెండోది, దూరం గీయడం. 40 మీద 5 సెకన్లంటే దాదాపు 55 మీటర్లు. రెండు గీతలు గీసి, మొదటి గీత దగ్గర ఒకర్ని నిలబెట్టి, వాట్సాప్‌లో 'ట్యూషన్ అయిపోయింది, వస్తున్నా' అని టైప్ చేయమనండి. మిగతావాళ్లు సెకన్లు లెక్కపెట్టాలి. ఎన్ని సెకన్లు పడితే సెకనుకు 11 మీటర్ల చొప్పున ఇంకొకరు నడిచి వెళ్లి అక్కడ నిలబడాలి. 7 సెకన్లు పట్టిందంటే 77 మీటర్లు. అక్కడ నిలబడినవాడి ముఖం కూడా సరిగ్గా కనబడదు. 'ఒక్క మెసేజే కదా' అన్నవాడితోనే టైప్ చేయించండి.

లీలామహల్_సర్కిల్ · సాయంత్రం 6:41

స్కేలు ఇప్పుడే చేయించుకున్నా. మామూలుగా 16, 17 దగ్గర పట్టా. లెక్క చెప్తూ ఐదింట్లో రెండుసార్లు జారిపోయింది. ఏడు బదులు మూడేసి తీయమంటే కొంచెం నయం. అంటే మాట బరువును బట్టి ఉంటుందా?

స్వర్ణముఖి · సాయంత్రం 6:55

అవును. 'అన్నం తిన్నావా' వేరు, 'నిన్న అట్లా ఎందుకన్నావ్' వేరు. ఏ కాల్ ఎటు తిరుగుతుందో ఎత్తేముందు తెలియదు, అదే చిక్కు.

సెక్షన్_184 · రాత్రి 7:30

ఆపడం గురించి ఒకటి మిగిలింది. 'పక్కకు ఆపి మాట్లాడు' అంటే హైవే మీద తెల్ల గీత దాటగానే ఆపేస్తారు. నాయుడుపేట రోడ్డులో అయినా, పలమనేరు వైపు మొగిలి ఘాట్‌లో అయినా అది చావుకు సిద్ధపడి నిలబడ్డట్టే. బంకులోనో, హోటలు ముందర జాగాలోనో, సర్వీసు రోడ్డులోనో ఆపాలి. తిరుపతిలో శ్రీనివాస సేతు పైన ఆపే జాగానే లేదు, దిగేదాకా మోగనివ్వాలి.

చాక్‌పీస్ · రాత్రి 8:10

ఇట్లా అనుకున్నా: చీటీలు 5 నిమిషాలు, స్టాండు వేసిన స్కూటీ 5, స్కేలు 8, పిచ్ లెక్క గ్రౌండులో 8, సెట్టింగులు 8, చట్టం 3, మిగిలింది ప్రశ్నలకు. కార్డులు 60 ప్రింటుకు ఇస్తున్నా. గ్రౌండులో 80 మీటర్ల తాడు పరిచి ప్రతి 11 మీటర్లకు ముడి వేస్తే సరిపోతుందా?

పాకాల_జంక్షన్ · రాత్రి 8:26

తాడొద్దు సార్. నైలాన్ తాడు లాగితే సాగతాది, ముడి ఏసేకొద్దీ పొట్టి అయితాది, మీ 11 మీటర్లు 10 అయి కూర్చుంటాయి. టేపు పెట్టి కొలిచి సున్నంతో గీయండి. సెకను సెకనుకూ ఒక గీత, 1 నుంచి 7 దాకా అంకె కూడా రాయండి. గాలి లేనప్పుడు, పొద్దున్నే గీయాల.

చాక్‌పీస్ · రాత్రి 8:31

సరే అన్నా, సున్నమే.